అవ్వ చెవుల మీది చెంగు

మా ముత్తాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేలు. మా తాత వాకిట్లోకి వచ్చేవాళ్లు చెప్పులు చేత పట్టుకొని వచ్చేవాళ్లు. అది గొప్పని నేననను, కాని జరిగిన మాట. తాత భార్య, మా అవ్వ, ఏనాడూ చెవుల మీది చెంగు జారనిచ్చేది కాదు. దొరసాని మర్యాద అంటే అట్లా ఉండాలని ఊళ్లో ఆడవాళ్లు కోడళ్లకు చెప్పేవాళ్లట.

అవ్వకు తల దువ్వేది నేనే కాబట్టి చెంగు కింద ఏముందో నాకు తెలుసు. గెంటీల కోసం కుట్టించుకున్న చోట, రెండు పైచెవులకూ చింతగింజలంత నున్నటి గడ్డలు. ఆ బంగారు గెంటీలు ఆమె ఏడాది కూడా పెట్టుకోలేదు. నాకు పైచెవులు కుట్టించనీయలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఇంట్లో మిగిలిన పాత సొమ్ము ఆ జతే. నా బిడ్డకు పెట్టాలని పదో తరగతి సెలవుల్లో పైచెవులు కుట్టించాను. తనకు ఇష్టం లేదు, నా మాట తీసెయ్యలేక కూర్చుంది. ఆరు నెలల్లో కుడిచెవికి రేగుపండంత గడ్డ లేచింది. కాలేజీకి స్కార్ఫ్ చుట్టుకొని పోయేది.

మహబూబ్‌నగర్‌లో చర్మ డాక్టరమ్మ దగ్గరికి పోయాము. కూర్చున్నవాళ్లను చూస్తుంటే ఈ గడ్డలకు తమవంటూ కొన్ని చోట్లు ఉన్నాయని తెలిసింది. ఆడపిల్లలకు చెవులు, మగవాళ్లకు మొటిమలు మానిన రొమ్ము, దవడ. కొందరికి టీకా వేసిన భుజం. నా పక్కనామె గొర్లు మేపే ఇంటిది. భుజం మీది గడ్డ అడక్కుండానే చూపించింది.

"మా అమ్మకుండె, నాకొచ్చె. గుంటెడు భూమి పంచియ్యలే గని గిది పంచిచ్చింది" అని నవ్వింది.

డాక్టరమ్మ కూడా అదే అడిగింది, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని. మా వంశంలో ఇట్లాంటివి లేవన్నాను.

"లేదంటె మంచిదే. ఇంట్ల ఉన్నోళ్లకైతే కోసినా మళ్ల పెద్దగ లేస్తది, అందుకని అడుగుతున్న" అంటూ గడ్డ కోసే రోజు కోసం క్యాలెండరు చూడసాగింది.

బిడ్డ స్కార్ఫ్ తీసుకొని చెవి మీదికి లాక్కుంది. అవ్వ చెంగు లాక్కున్నట్టే, రెండు వేళ్లతో.

"మా అవ్వకుండె. రెండు చెవులకు" అన్నాను.

డాక్టరమ్మ కోత మాట పక్కన పెట్టి సూది మందు రాసింది. బయటికి వచ్చాక బిడ్డ, "ఎరికుండే కుట్టిస్తివా అమ్మా?" అంది. అవునన్నాను. బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

నెలకొక సూది చొప్పున చాలా నెలలు పోయాము. గడ్డ అణిగింది, మచ్చ ఉంది. ఎడమచెవి రంధ్రాన్ని పూడిపోనిచ్చాము. బిడ్డ ఇప్పుడు జుట్టు వెనక్కి ముడివేసుకుంటుంది.

గెంటీలను కల్వకుర్తిలో అమ్మేశాము.