తాంబాళం వెనక ఛాంపియన్లు

మా ఇంట్లో ఒక పెద్ద స్టీలు తాంబాళం ఉంది. పెళ్లిళ్లకు పూలూ పండ్లూ పెట్టుకుని పోయే రకం. ముందువైపు ఏమీ ఉండదు. బోర్లా తిప్పితే అంచు చుట్టూ చిన్న చిన్న తెలుగు అక్షరాల్లో పేర్లు కనిపిస్తాయి. ఒక చుట్టు పూర్తయ్యాక దాని లోపల ఇంకో చుట్టు. చూసినవాళ్లు మా తాతముత్తాతల పేర్లనుకుంటారు. ఒకటి రెండు కూడబలుక్కుని చదివాక, ఇవేం పేర్లమ్మా అని నా మొహం చూస్తారు. అవి అమెరికా కుస్తీ వీరుల పేర్లు. టీవీలో వచ్చే ఆ కుస్తీల్లో పెద్ద బెల్టు ఎవరి నడుము నుంచి ఎవరి నడుముకు పోయిందో, మా ఇంటికి కేబుల్ వచ్చిన నాటి నుంచీ వరుస తప్పకుండా కొట్టి ఉంది. వరుస తప్పకుండా అన్నాను కానీ ఒక్కచోట తప్పింది. ఆ ఒక్క చోటు గురించే నాకు చెప్పాలని ఉంది.

కొట్టింది మా బాపు, అంటే మా నాన్న. మట్టెవాడ బజారులో ఒక స్టీలు సామాన్ల దుకాణం అరుగు మీద చిన్న బల్ల వేసుకుని గిన్నెల మీద పేర్లు కొట్టడం ఆయన పని. మా దగ్గర పెళ్లయినా, గృహప్రవేశమైనా, మనిషి పోయినా గిన్నెలు పంచాల్సిందే, గిన్నె మీద పేరు ఉండాల్సిందే. నా చిన్నప్పుడు ఉలీ సుత్తీ పట్టుకుని చుక్క చుక్కగా కొట్టేవాడు. తర్వాత పెన్నులాంటి కరెంటు మిషన్ వచ్చింది. అది గుర్రుమంటుంటే పళ్లు జివ్వుమనేవి. ఆయనకు మాత్రం ఏమీ అనిపించేది కాదు.

బాపుకు ఒక పట్టింపు ఉండేది. చిట్టీ లేనిదే పేరు కొట్టడు. ఎవరైనా సరే, ఏం కొట్టాలో కాగితం మీద తమ చేత్తో రాసివ్వాలి. ఇంకోటి, జరగనిదాన్ని ముందుగా కొట్టడు. దీనికి కారణం ఉంది. ఒకసారి ఒక పెళ్లివాళ్లు వధూవరుల పేర్లతో గ్లాసులు చేయించుకుని పోయారు. వారం తిరక్కుండా పెళ్లి తప్పిపోయింది. గ్లాసులన్నీ గోనెసంచిలో తెచ్చి దుకాణం ముందు పెట్టి, పేర్లు తీసెయ్యమన్నారు. స్టీలు మీద గీత పడ్డాక తుడిచేదేముంది? ఆ పెళ్లికూతురి తండ్రి అరుగు మీద కూర్చుని ఒక్కో గ్లాసూ తిప్పి చూసుకున్నాడట. ఆ తర్వాత బాపు పెళ్లి గ్లాసులు కూడా తాళి కట్టిన మర్నాడే కొట్టేవాడు. గిరాకీ పోతుందని దుకాణం సేటు ఎంత మొత్తుకున్నా వినలేదు. మొండి మనిషి. ఆ మొండితనంలో సగం నాకూ వచ్చింది కాబట్టి చనువుగా అంటున్నాను.

కుస్తీల పిచ్చి అమ్మది. మధ్యాహ్నం పాత కుస్తీ మళ్లీ వేసేటప్పుడు చింతపండు ముందు పెట్టుకుని కూర్చునేది. గంటలో ఒక్క గింజ కూడా తీసేది కాదు. అమ్మకు అన్నదమ్ములు లేరు. రాఖీ పున్నం నాడు అక్కచెల్లెళ్లందరూ పుట్టింటికి పోతుంటే వాకిట్లో నిలబడి చూసేది. ఆ కుస్తీవాళ్లలో ఒకడున్నాడు, భారీ మనిషి, నెమ్మదిగా నడుస్తాడు, మొహంలో కపటం ఉండదు. వాణ్ని తమ్ముడు అనడం మొదలుపెట్టింది. దాంతో బాపుకు వాడు బామ్మర్ది అయిపోయాడు. అసలు పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు, నేనూ ఇక్కడ రాయను.

ఈ బామ్మర్దికి బెల్టు యోగం లేదు. బెల్టు కుస్తీ వచ్చినప్పుడల్లా ఎదుటివాణ్ని చావగొట్టేవాడు. ఇంకో నిమిషంలో గెలుస్తాడనగా వెనక నుంచి ఎవడో కుర్చీ పట్టుకుని వచ్చి వీపు మీద వేసేవాడు. అమ్మ ఆ పూట అన్నం తినేది కాదు.

"మా బామ్మర్ది మల్ల ఇంటికి ఉత్త చేతుల్తోనే వస్తాండు, కూర జర ఎక్కువ వండు," అనేవాడు బాపు.

"నీ అసొంటి బావ ఉంటె ఎవడు గెలుస్తడు," అనేది అమ్మ.

ఒకరోజు ఎవరి తర్వాత ఎవరు ఛాంపియన్ అన్న దాని మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. "ఊరందరి పేర్లు కొడ్తవు కద, ఇవి గుడ కొట్టు, పంచాదే ఉండది," అంది అమ్మ. చిట్టీ లేనిదే కుదరదన్నాడు బాపు. ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషి, నా నోటుబుక్కులోంచి కాగితం చింపి, టీవీలో అరిచేవాడి నోట విన్నట్టుగా పేర్లు రాసిచ్చింది. అలా మొదలైంది. అప్పటి నుంచి బెల్టు చేతులు మారినప్పుడల్లా అమ్మ చిట్టీ రాసేది, బాపు కొట్టేవాడు.

ఆ చరిత్రలో అన్నీ అమ్మ తీర్పులే. కేబుల్ రాకముందు బెల్టు ఎవరి దగ్గరుండేదో ఆమెకు అక్కర్లేదు. ఒకసారి ఛాంపియన్ భుజం విరిగి బెల్టు వదిలేశాడు. కొన్ని వారాలు అది ఎవరిదీ కాదు. తర్వాతి పేరు కొట్టేముందు వేలెడు జాగా ఖాళీగా ఉంచమంది. అది ఇప్పటికీ అలాగే ఉంది. ఇంకోసారి కంపెనీవాళ్లు ఒక బెల్టుకు తోడు ఇంకో బెల్టు తెచ్చి, ఇద్దరు ఛాంపియన్లన్నారు. అమ్మ రెండోవాణ్ని లెక్కలోకే తీసుకోలేదు. బెల్టు నమూనా మార్చినప్పుడు, ఇది పాత బెల్టే కాదు పొమ్మన్నాను నేను. "పుస్తెలు చెరిపిచ్చి కొత్తయి చేపిచ్చుకుంటె మొగడు మారుతడా," అంది. ఒక్క పూట బెల్టు ఉంచుకున్నవాడికీ, ఏడాదికి పైగా ఉంచుకున్నవాడికీ తాంబాళం మీద ఒకటే సైజు అక్షరాలు, ఒకటే వరుస.

ఇంటర్‌లో ఉండగా నాకు ఎవరో చెప్పారు, అదంతా నాటకమని, ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారని. ఆ తెలివి నాకు ఒకరోజు కూడా కడుపులో ఆగలేదు. ఇంటికి రాగానే అమ్మ మీద పారబోశాను. బాధపడుతుందనుకున్నాను, నిజం చెప్పాలంటే బాధపడాలనే అనుకున్నాను.

"అయితే ఏంది? పెండ్లి గుడ ముందే అనుకునే చేస్తరు. అప్పగింతలప్పుడు ఏడుపు రాదా," అంది. చింతపండు గింజ ఒకటి తీసి పక్కన పెట్టింది. మళ్లీ నా వైపు తిరిగి, "అంటె మా తమ్ముడు ఓడిపోవాలెనని ఎవడో కూసోని రాస్తాండన్నట్టు. రాసేటోనికి ఒక్కసారన్న జాలి కలుగలేదా," అంది. ఆ మాట అప్పుడు నవ్వులాటగా తీసుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

అమ్మకు షుగరు. చాలా ఏళ్లు మందులతో నెట్టుకొచ్చింది. కిందటేడాదికి ముందు ఏడాది కిడ్నీలు పాడయ్యాయి, కాలికి పుండు పడింది, అది మానలేదు. దవాఖానలో చేర్చాం. సరిగ్గా అప్పుడే బామ్మర్దికి ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ బెల్టు కుస్తీ పడింది. వయసు మీదపడ్డవాడు, ఇదే ఆఖరి అవకాశమని టీవీవాళ్లే ఊదరగొట్టారు. అక్కడి రాత్రి మనకు పొద్దున. ఆ పొద్దున ఫోన్లో చూపిస్తానని అమ్మకు మాటిచ్చాను. సమయానికి ఆమెను రక్తం శుద్ధి చేసే గదిలోకి తీసుకుపోయారు. లోపలికి ఫోన్ తేవద్దన్నారు. నేనూ బాపూ వరండాలో బెంచీ మీద కూర్చుని చూశాం. ఇంకో నిమిషంలో గెలుస్తాడనగా కుర్చీ వచ్చింది. వాడు అలా పడి ఉండగానే నేను ఫోన్ ఆపేశాను.

అమ్మను మంచం మీదికి తెచ్చాక ఆమె నన్ను అడగలేదు, బాపు వైపు చూసి అడిగింది. "ఏమైంది?"

"గెలిచిండు," అన్నాడు బాపు.

నేను నోరు తెరిచాను. బాపు నా వైపు చూడలేదు.

"ఎవడు కుర్చి పట్టుకొని రాలేదా?"

"వచ్చిండు. మనోడు ముందుగాలనే చూసిండు. కుర్చి గుంజుకొని అవతల పడేసిండు. గా ఛాంపియన్ను రెండు చేతుల్తోని లేపి కిందేసిండు. మూడు లెక్కవెట్టేదాక గాడు లేవలే." రోజుకు నాలుగు మాటలు మాట్లాడని మనిషి కుస్తీ మొత్తం చెప్పాడు, కుర్చీ ఏ మూల పడిందో కూడా చెప్పాడు. అమ్మ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. నేనే కొంగుతో తుడిచాను.

బాపును వరండాలోకి లాక్కొచ్చి గట్టిగానే అడిగాను. "ఎందుకు చెప్పినవ్ బాపు? వచ్చే వారం కుస్తీ మల్ల వస్తది, అమ్మ చూస్తది కద. అప్పుడేం చేస్తవు?"

"ఎవడో కూసోని రాస్తడని నువ్వే అంటివి కద బిడ్డా. ఈసారి నేను రాసిన," అన్నాడు. 

అమ్మ అందరి నోళ్లూ తీపి చెయ్యమంది. పేడాలు తెచ్చి వార్డంతా పంచాను. ఏం సంతోషం బిడ్డా అని పక్క మంచం పెద్దాయన అడిగాడు. మా మేనమామ గెలిచాడన్నాను. సర్పంచిగానా అన్నాడు. అవునన్నాను. అబద్ధం ఎంత సులువో ఆ రోజు తెలిసింది. అమ్మ కూడా ఒక పేడా నాకి పక్కన పెట్టింది. ఎవరూ వద్దనలేదు.

మర్నాడు బాపు తాంబాళం సంచిలో పెట్టుకుని వచ్చాడు. జరగనిదాన్ని ఎన్నడూ కొట్టని మనిషి, జరగని గెలుపును స్టీలు మీద కొట్టుకొచ్చాడు. అమ్మ వేలితో ఆ అక్షరాల మీద మెల్లగా తడిమింది.

"చిట్టీ ఎవరు రాసిన్రు?"

"నేనే," అన్నాడు బాపు.

అమ్మ ఆయన మొహం చాలాసేపు చూసింది. కనిపెట్టిందేమో అనుకున్నాను. ఇప్పటికీ ఆ చూపు అర్థం నాకు తేలలేదు. "వచ్చే వారం నాకు ఫోన్ల చూపియ్యాలె. బెల్టు పట్టుకొని ఎట్ల నడిసొస్తడో సూడాలె," అంది నాతో. సరే అన్నాను.

ఆ వారం ఎలా గడిపానో చెప్పలేను. ఫోన్ పాడైందని చెబుదామా, సిగ్నల్ లేదందామా అని రోజూ ఒక సాకు వెతికేదాన్ని. బాపు ఏ సాకూ వెతకలేదు. నువ్వే చూసుకో అన్నట్టు ఉండేవాడు, దానికీ నాకు కోపమే. కుస్తీ వచ్చే రోజుకు ఒక రోజు ముందు, సాయంత్రం, అమ్మ పోయింది.

ఇది రాయకుండా దాటేస్తే బాగుండును. అమ్మ పోయిందని డాక్టరమ్మ చెప్పగానే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, ఊరట. రేపు దొరికిపోము అనుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఆ క్షణానికి గాను నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

పదకొండో రోజున పంచే గిన్నెల మీద అమ్మ పేరు కొట్టాలి. ఇంకెవరితోనైనా కొట్టిద్దామని చుట్టాలన్నారు. బాపు ఒప్పుకోలేదు. అరుగు మీద కూర్చుని, "చిట్టీ రాయి," అన్నాడు నాతో. పెళ్లయిన నాటి నుంచీ అమ్మను పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. ఆ పేరు నేను కాగితం మీద రాసిస్తే, దాన్ని ఎదురుగా పెట్టుకుని, తెలియని వాళ్ల పేరు కొట్టినట్టు ఒక్కో గిన్నె మీదా చూసి చూసి కొట్టాడు. ఏడవలేదు. పని అయ్యాక చేతులు మాత్రం చాలాసేపు కడుక్కుంటూనే ఉన్నాడు.

తర్వాత మేము టీవీలో కుస్తీ పెట్టలేదు. తాంబాళం అటక మీదికి పోయింది. ఈ మధ్య ఒకరోజు ఫోన్లో వార్తలు చూస్తుంటే కనిపించింది, అమ్మ తమ్ముడు గెలిచాడు. నిజంగానే గెలిచాడు. బాపుకు చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. విని లేచి అటక మీంచి తాంబాళం దించి, తుడిచి, మిషన్ తెచ్చుకున్నాడు.

"ఆ పేరు ఉంది కద బాపు," అన్నాను.

"అది మీ అమ్మ కోసం కొట్టింది. ఇది వాడు గెల్సింది. చిట్టీ రాయి."

మేము చూడడం మానేశాక వాడి కంటే ముందు బెల్టు పట్టినవాళ్లను వరుసగా వెతికి, అందరివీ రాసిచ్చాను. కొట్టడం అయ్యాక బాపు పేర్ల మీద వేలు పెట్టి పోనిచ్చి, ఆ జరగని గెలుపు దగ్గర ఆపాడు. "మీ అమ్మ ఉంటె, నడుమ ఎవరికి ఓడిపోయిండని అడిగేది," అన్నాడు. 

తర్వాతి వారం నేను అడక్కుండానే టీవీ పెట్టాడు. పాట మొదలైంది, జనం లేచి నిలబడ్డారు, వాడు వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది. బాపు టీవీ వైపు చూస్తూనే, అమ్మ చింతపండు పెట్టుకుని కూర్చునే చోటు వైపు కొంచెం ఒరిగి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"వస్తాండు. నెమ్మదిగ నడుస్తాండు. బెల్టు భుజం మీదేసుకున్నడు, నడుముకు కట్టుకోలే. నీ తమ్మునికి పొట్ట పెరిగినట్టుంది, పట్టలేదేమో. వెనక ఎవడు లేడు. నేను చూస్తున్న, ఎవడు లేడు."

నేను టీవీ చప్పుడు తగ్గించి, ఆయన చెప్పేది వింటూ కూర్చున్నాను.