గూడ్సు బండి సీళ్లు, కళాయి తాత

నా చిన్నప్పుడు మెట్టుగూడలో మా సందులోకి ఏడాదికి రెండుసార్లు కళాయి తాత వచ్చేవాడు. నల్లా పక్కన చిన్న గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, తోలుతిత్తి బిగించేవాడు. ఇత్తడి గిన్నె లోపలి పూత అరిగిపోతే పులుసు చిలుమెక్కి చేదవుతుంది. అందుకని ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని ఆయన చుట్టూ చేరేవాళ్లు.

ఆ యేడు మా అక్క శ్రీమంతానికి పుట్టింటికి వచ్చింది. మర్నాటి పులుసు పెద్ద గుండిగలో కాయాలి, దాని పూత చూస్తే పూర్తిగా పోయింది. పూతకు వాడే తగరం ధర పెరిగిందని, చిన్న గిన్నెకే కళాయి వేయించి గుండిగ పక్కింటివాళ్లను అడుగుదామంది అమ్మ. నాకు నామోషీ అనిపించింది. రెండో తరగతితో బడి మానేసినా పొదుపు మాత్రం నాకు అప్పుడే ఒంటబట్టింది. రైలుకట్ట పక్కన గూడ్సు డబ్బాల తలుపులకు వేసే సీళ్లు రాలిపడి ఉండేవి. గీస్తే తెల్లగా మెరిసేవి, అవీ తగరమే అనుకున్నాను. గౌను నిండా ఏరుకొచ్చి తాత ముందు కుమ్మరించాను.

“గుండిగకు సుత వెయ్యి తాతా. సామాను నాది, పని నీది.”

అందరూ నవ్వారు, తాత నవ్వలేదు. తన తగరం కడ్డీ తీసి నా చెవి దగ్గర వంచాడు. లోపల ఎవరో పళ్లు కొరికినట్టు కిరకిరలాడింది. తర్వాత ఒక సీలును నాచేతనే వంపించాడు. చప్పుడే లేదు. దాన్ని కాగితం మీద రుద్దితే పెన్సిలులా నల్లగీత పడింది.

“గిది సీసం బేటీ. పులుసుల కరుగుతది, కండ్లకు కనవడది, నాలుకకు తెల్వదు. మీ అక్క తింటే కడుపుల బిడ్డకు పోతది. పిల్లల దిమాక్ తింటది. గీ పని నేను జెయ్య.”

“నేను సుత ఊ అంటుంటి సాయిబూ, చవకగైతదని,” అంది అమ్మ.

తాత సీళ్లన్నీ డబ్బాలో వేసి మూత బిగించాడు. నన్ను చేతులు కడుక్కు రమ్మన్నాడు. ఏడుస్తూ తిరిగొచ్చేసరికి గుండిగ నిప్పుల మీద ఉంది.

“ఏడిస్తే గుండిగ మెరుస్తదా? తిత్తి కొట్టు. గదే నీ పైకం,” అన్నాడు తాత.

ఆ పూటంతా కొట్టాను. పూత పట్టడానికి నవాసారం పొడి చల్లగానే తెల్లటి పొగ లేచేది. తాత కడ్డీ తాకించి దూదితో తుడిస్తే గుండిగ లోపల అద్దంలా తేలేది. తుడిచినప్పుడల్లా నేను గంతులే. ఇంటికెళ్తే అక్క నా మసిమొహం చూసి, “ఎవరి పిల్లవే నువ్వు?” అని కడుపు పట్టుకుని నవ్వింది. మర్నాడు ఆమె పులుసు రెండోసారి అడిగి మరీ పోయించుకుంది. పోసింది నేనే.

నేను ఇప్పటికీ పిసినారినే. చిరిగిన చీరలు బొంతలవుతాయి, అరిగిన సబ్బుముక్కలు ఒక్కటవుతాయి. కోడలు నవ్వుకున్నా పట్టించుకోను. కానీ నోట్లోకి పోయేదాంట్లో చవక చూడను. మరీ పచ్చగా మెరిసే పసుపు, పిల్లలు నోట్లో పెట్టుకునే పెచ్చులూడే రంగుబొమ్మ, ఎక్కడ చేశారో తెలియని తళతళ గిన్నె, సీసం ఉంటుందేమోనని మా గడప తొక్కనివ్వను. బండివాడు ధర చెప్పబోతే చెయ్యెత్తి ఆపుతాను. ముందు అది దేనితో చేశారో చెప్పమంటాను. చెప్పలేనివాడు ఊరికే ఇస్తానన్నా పుచ్చుకోను.