అంకెలమ్మ చేర్చిన గడి

యూనివర్సిటీ లైబ్రరీలో పంతొమ్మిదేళ్లుగా ఆవిడ పని ఒక్కటే. కంప్యూటర్లో డేటాబేస్ తెరిచి, ఏ ప్రొఫెసర్ పేపర్లని మిగతావాళ్లు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారో లెక్క తీసివ్వడం. ప్రమోషన్లన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి కాబట్టి అందరూ ఆవిణ్ణి అంకెలమ్మ అనేవారు. అసలు ఆ పేపర్లలో ఏముందని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

కాంక్రీటు మీద పరిశోధించే విభాగం పెద్దాయనైతే సోమవారం సోమవారం ఆవిడ కుర్చీ వెనకాల నిలబడి, జ్వరం చూపించుకునే రోగిలా "ఎంతుందమ్మా?" అనేవాడు. పది పెరిగితే ఆ రోజంతా ఆయన కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఆ ఏడు ఉత్తమ పరిశోధకుడి బహుమతికి జాబితా రాస్తుంటే ఆవిడకో వింత కనబడింది. చేపల మేత మీద రాసిన పేపర్లో పెద్దాయన కాంక్రీటు పేపర్లు పద్నాలుగు ఉదహరించి ఉన్నాయి! రాసిందెవరా అని చూస్తే ఆయన మేనల్లుడు. ఒళ్లు మండి, సొంతవీ, శిష్యులవీ, చుట్టాలవీ తీసేసిన లెక్కతో పక్కనే ఇంకో గడి చేర్చింది. మొదటి గడిలో రెండువేల మూడువందలున్న పెద్దాయన రెండోదాంట్లో అరవై ఒకటికి దిగిపోయాడు.

"ఈ గడి ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు బహుమతి కమిటీలో రిజిస్ట్రారు.

"ఎవరూ అనలేదండి. నిజం కదా అని పెట్టాను."

"నిజం సంగతి తర్వాత. ముందది తీసెయ్."

గడి పోయింది. బహుమతి పెద్దాయనకే వచ్చింది. అంకెలమ్మని కింది అంతస్తులో బైండింగ్ గదికి తోసేశారు.

"నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది వదినా?" అంది ఇంట్లో ఆడపడుచు.

"సొమ్మేం పోలేదు. చదవకుండానే ఇన్నేళ్లు ఆ పేపర్లకి మార్కులేశానే, అందుకు సిగ్గేస్తోంది."

నెల తిరక్కుండా పెద్దాయనే కిందికి దిగొచ్చాడు. తన పేపర్లన్నీ బంగారు అక్షరాల అట్టతో ఒకే పుస్తకంగా కుట్టాలట. కుట్టేముందు ఆవిడ కూర్చుని అన్నీ చదివింది. పైన పేర్లు వేరు, లోపల పట్టికలు అవే.

"సార్, మూడోదీ పదకొండోదీ ఒకటేనండి. రెండూ ఉంచమంటారా?"

పెద్దాయన ఏమాత్రం తొణకలేదు. "ఉంచమ్మా. పుస్తకం లావుగా కనపడాలి కదా!"

అంత లావుకి మామూలు సూది దిగదని ఆవిడ పెద్ద సూది వెతుక్కుంది.