మామ మూటలో తెచ్చిన మన్ను

ఆగస్టు పదకొండో తేదీ, ఉదయం పదిన్నర గంటలు. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో నేను పనిచేసే మట్టి పరీక్షా కేంద్రానికి మా మేనమామ వచ్చారు. తిరుచ్చులి పక్కన ఉన్న మా పల్లె నుంచి బస్సులు మారి వచ్చారు. చేతిలో తెల్లగుడ్డ మూట ఉంది. మా కుటుంబంలో మొదటి పట్టభద్రురాలిని నేను. నా చదువు మాన్పించవద్దని మా నాన్నతో పోట్లాడినవారు ఆయనే.

"పాపా, మన్ను తెస్తిని చూడు! రాళ్లేరి, జల్లెడ పట్టి తెస్తిని," అన్నారు, అందరికీ వినబడేలా.

పక్క బల్ల దగ్గరి సహోద్యోగిని నవ్వింది. "మీ ఇంట్లో మాట్లాడేది తెలుగేనా?" అని తమిళంలో అడిగింది. నాకు తల తీసేసినట్లయింది. మామను, ఎవరో పరాయి రైతును పిలిచినట్లు "అయ్యా" అని పిలిచి, తమిళంలోనే కూర్చోమన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి కూర్చున్నారు.

మూట విప్పగానే గొర్రె పెంటికల వాసన వచ్చింది. పొలంలో పది పదిహేను చోట్ల జానెడు లోతు తవ్వి, ఆ మట్టినంతా కలిపి, అందులోంచి అరకిలో తీసుకుంటేనే అది నమూనా అవుతుంది. ఎక్కడ తవ్వారని నేను అడగవలసింది. అడిగితే ఆయన తెలుగులో, బిగ్గరగా, వివరంగా చెబుతారు. అందుకే అడగలేదు. 'పొలమంతటి నుంచి సేకరించినది' అని పత్రంలో నేనే రాశాను.

నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ 'అధికం' అని తేలాయి. విత్తేటప్పుడు ఎరువు అవసరం లేదని ఫలితాల కార్డులో నా చేత్తోనే రాసి పంపాను. మామ దానిని దేవుడి పటాల పక్కన తగిలించి, అందులో ఉన్నట్టే చేశారు.

దీపావళికి ఊరు వెళ్లాను. చుట్టుపక్కల మొక్కజొన్న నడుము దాటింది. మామ నాలుగెకరాల చేను మోకాలెత్తున, భాస్వరం చాలక ఆకులు ఊదారంగుకు తిరిగి, అలాగే నిలబడిపోయింది. వాన కూడా వెనకబట్టింది. ఇక పైన ఎరువు చల్లినా వేరుకు అందదు.

గట్టు మీద పొరుగు రైతు నవ్వుతున్నాడు. "ఏమప్పా, ఎరువుకు బదులు కార్డు చల్లితివా? ఇంకోటి చల్లు, తాటిచెట్టంత అవతాది!"

అతడు వెళ్లాక అడిగాను. "మామా, ఆ మన్ను యాడ తవ్వితివి?"

"పోయినేడు గొర్ల మంద కట్టిన మూలలో. మన చేన్లో అదే మంచి మన్ను. చెడ్డ మన్ను తెస్తే నీ ఆఫీసులో నలుగురూ నిన్ను ఎగతాళి చెయ్యరా?"

"వాసన నాకు ఆ రోజే తెలిసింది మామా."

"తెలిసీ అడగలేదా?"

నేను వంగి ఒక ఊదారంగు ఆకును తుంచాను.

"నువ్వు నన్ను అయ్యా అన్నప్పుడే నేను మూట ఎత్తుకొని లేసి రావాల్సింది," అన్నారు ఆయన.

ఆ సాయంత్రమే పచ్చి చేనిలోకి గొర్రెలను తోలించారు. నన్ను గట్టు మీదే నిలబెట్టి, అవి చివరి సాలు మేసేదాకా కదలనివ్వలేదు.

ఆ తరువాత నమూనా తెచ్చిన ప్రతి ఒక్కరినీ ఎక్కడ తవ్వారని, వారి ఇంటి భాషలోనే, అడుగుతున్నాను. మామ మాత్రం మళ్లీ మన్ను తేలేదు. నాతో ఇప్పుడు తమిళంలోనే మాట్లాడుతున్నారు, 'మేడం' అని పిలిచి.