గంటా పది నిమిషాల దూరం

గోవిందు మరణంపై అతని భార్య యాదమ్మ తరఫున వకీలుగా నేను వేసిన నష్టపరిహారం కేసుకు కంపెనీ పంపిన జవాబు ఒక్క పేజీ. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "మృతుని భార్యకు బెంగళూరు నుండి శంషాబాద్‌కు విమాన టికెట్ ఇచ్చాము. ప్రయాణకాలం గంటా పది నిమిషాలు. ఆమె రాలేదు."

నాగర్‌కర్నూల్ కోర్టు వరండాలో యాదమ్మకు చదివి వినిపించాను.

"రాలేదని రాసిండ్రా? పోయిన బిడ్డా. అందరికన్న ముందే పోయిన."

లింగాల మండలం ఆమెది. పెళ్లయిన ఏడాది నుంచీ ఆలుమగలిద్దరూ మేస్త్రి నాగప్ప గుంపులో కాంక్రీటు పనికి వెళ్లేవారు. గోవిందు చనిపోవడానికి రెండేళ్ల ముందు నాగప్ప గుంపును విడదీసి, అతన్ని శంషాబాద్ విమానాశ్రయం పనికి, ఆమెను బెంగళూరు విమానాశ్రయం పనికి పంపాడు. రన్‌వే మీద పోసిన కాంక్రీటు పగుళ్లివ్వకుండా పైపుతో నీళ్లు కొట్టడం ఆమె పని.

"నడుమ గంట తొవ్వనే గదనే, గాలి మోటర్ల రా," అని గోవిందు ఫోనులో ఏడిపించేవాడు.

"టికెట్ మీ అయ్య కొంటడా?" అనేది ఆమె.

ఒక సాయంత్రం గోవిందు పనిలోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. శవాన్ని లింగాలకు చేర్చారు. తెల్లవారగానే నాగప్ప ఆమె ఫోనుకు టికెట్ పంపించి, "పదకొండుకు విమానం. గేటు కాడికి పో, పిలుస్తరు," అన్నాడు.

ఎనిమిదింటికే ఆమె గేటు చేరింది. ఆమె ఎరిగిన గేటు ఒక్కటే, కూలీలది. ప్రయాణికులు ఎటునుంచి వెళ్తారో ఆ రెండేళ్లలో ఒక్కనాడూ చూడలేదు. కూలీల పాసులు మేస్త్రి దగ్గరే ఉంటాయి. పాసు లేనివారు పక్కన కూర్చోవాలి, పేరు పిలిస్తేనే లేవాలి. కాపలావాడు చేత్తో పక్కకు చూపాడు. కూర్చుంది.

మరిది లక్ష్మణ్ ఫోన్ చేశాడు. "వదినా, యాడున్నవ్?"

"గేటు కాడ."

"ఇగ ఎక్కినట్టే. నాలుగింటికల్ల వస్తవు. నువ్వొచ్చేదాంక అన్నను లేపం."

మధ్యాహ్నం కాపలా మారింది. కొత్తగా వచ్చిన రాయచూరు మనిషి ఆమె ఫోను చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో అక్కా, ఇది ప్యాసింజర్ల టికెట్. ఆ గేటు అవతల దిక్కుంది. నీ విమానం ఎప్పుడో పోయింది."

బస్సెక్కి, పెబ్బేరులో దిగి, వనపర్తి మీదుగా ఊరు చేరేసరికి మరునాటి ఉదయమైంది. ముందురోజు పొద్దుగూకేదాకా ఊరంతా ఆమె కోసం ఎదురుచూసింది. శవం ఇక ఆగే స్థితిలో లేక లక్ష్మణే నిప్పు పెట్టాడు.

నష్టపరిహారానికీ ఆ వాక్యానికీ సంబంధం లేదని యాదమ్మకు చెప్పాను.

"పైసలు ఎప్పుడన్న రానీ. నేను రాలేదన్నది కొట్టెయ్యి."

అవతలివారి కాగితంలో అక్షరం కొట్టేసే అధికారం నాకు లేదు. ఆ గంటా పది నిమిషాలు ఎవరికి వర్తించే కొలత అని ఏ కోర్టూ అడగదు. అడగాలి. ఆమె ప్రమాణపత్రంలో మాత్రం రాశాను: "ఉదయం ఎనిమిది గంటల నుండి గేటు వద్దనే ఉన్నాను. నన్నెవరూ పిలవలేదు."

వేలిముద్ర వేయబోయి యాదమ్మ ఆగింది.

"ఇంకొకటి గూడ రాయి బిడ్డా. పదకొండు దాటినంక ఒక విమానం లేసింది. నేను నీళ్లు గొట్టిన తొవ్వ మీదికెల్లే లేసింది. తొవ్వ గట్టిగనే ఉందని సంబరపడ్డ. గా విమానమే నాదని తెల్వదు."

రాశాను.