ముప్పై మూడు అడుగుల ఫిల్ము

1984 ఏప్రిల్ రెండో వారంలో టేకులపల్లి దాటాక ఉన్న అడవిలో కొమ్ముపిట్ట గూడును చిత్రీకరించడానికి వెళ్లాం. ప్రకృతి డాక్యుమెంటరీలు తీసే మా కంపెనీలో ఉన్నది ముగ్గురమే. కెమెరా రాఘవరావు గారిది. ఫిల్ము, సమయం లెక్కలు నావి. చదువు పదితో ఆగినా లెక్క సొంతంగా నేర్చుకున్నాను. మూడో ఆయన హైదరాబాదులో ఎడిటింగ్ చూసేవారు.

ఆడ కొమ్ముపిట్ట గుడ్లు పొదగడానికి చెట్టు తొర్రలో కూర్చుని, సన్నని చీలిక వదిలి ద్వారానికి మట్టితో గోడ కట్టేసుకుంటుంది. మగది పండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. ఆ దృశ్యం లేకపోతే మా చిత్రానికి నడుమ భాగమే లేదు.

మా కెమెరా స్ప్రింగుతో నడిచేది. ఒకసారి కీ తిప్పితే ఇరవై ఎనిమిది సెకన్లు, అంటే దాదాపు పదిహేడు అడుగుల ఫిల్ము. పక్షి వాలాక మీట నొక్కితే ఆ టక్కుమన్న చప్పుడుకు ఎగిరిపోయేది. అందుకే ముందే నొక్కాలి. పదకొండు రాకల మధ్య వ్యవధి రాసి సగటు తీశాను: నలభై రెండు నిమిషాలు. దాన్ని బట్టి మీట నొక్కమని రాఘవరావు గారికి నాలుగుసార్లు సైగ చేశాను. నాలుగుసార్లూ ఖాళీ చెట్టే పడింది. ఆఖరి రోలులో మిగిలింది ముప్పై మూడు అడుగులు. రెండుసార్లకు దాదాపు అడుగు తక్కువ. కొత్త రోలు రావడానికి వారం. ఆ లోపే ఆడది గోడ పగలగొట్టుకుని బయటికొస్తుందని మాకు దారి చూపిన లక్ష్మయ్య చెప్పాడు.

 లక్ష్మయ్య నా వైపు తిరిగాడు.

"ఏంది సారూ, గడియారం దిక్కే సూస్తున్నవ్? అది నీ గడియారం సూసి వస్తదా?"

"మరి ఎట్లా తెలుస్తది?"

"లోపలున్నదాన్ని సూడు. మొగడు వస్తుంటే మనకన్నా ముందు దానికే ఇనవడ్తది. ముక్కు బయటపెడ్తది."

గడియారం జేబులో పెట్టి చీలిక వైపే చూస్తూ కూర్చున్నాను. గంట దాటింది. ముక్కు కొన కనిపించగానే సైగ చేశాను. తొమ్మిది సెకన్లకు మగది వాలింది. పంతొమ్మిది సెకన్లు మేడిపండ్లు అందించడం మొత్తం దొరికింది.

"ఇగ రాసుకో సారూ, జల్దీ" అన్నాడు లక్ష్మయ్య.

రాయబోతే నా పట్టికలో చోటు లేదు. మగపక్షి రాక, పోక, తెచ్చిన పండు, అన్నిటికీ గడులు గీశాను. తొర్రలో ఉన్నదానికి గీయలేదు. ఆ తర్వాత ఏ పట్టిక మొదలుపెట్టినా, ఎదురుచూసే ప్రాణికి మొదటి గడి కేటాయించాను.