పూలామె పోయిన చోటు

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద మా చర్చి పెద్దాయన కరపత్రాలు పంచుతూ, దారినపోయే ప్రతివాడికీ వేలు చూపి అడిగేవాడు: "ఇప్పుడే చస్తే యేడికి పోతవ్?" జవాబూ ఆయనే చెప్పేవాడు: "యేసును నమ్మకుంటే నరకమే!" పక్కనే కూర్చునే, మైసమ్మను కొలిచే పూలామెకూ రోజూ అదే మాట. ఆమె నవ్వేది. "గొంతెండింది, జర చాయ్ తాగన్నా" అనేది.

ఒకరోజు ఆ మాట పడనివాళ్లు నలుగురు ఇనుప రాడ్లతో ఆయన మీద పడ్డారు. పళ్లు రాలగొట్టారు, చూపుడువేలు విరిచారు. తలమీదికి లేచిన రాడ్డుకు పూలామె అడ్డం పడింది. పుర్రె పగిలి, మల్లెల మీదే ప్రాణం వదిలింది.

నెల తర్వాత ఆయన అక్కడే ఉత్త చేతులతో కనిపించాడు. కరపత్రాలేవని అడిగాను.

"గామె యేడికి పోయిందో ప్రభువును అడుగుతున్న. నరకమని అంటే, నన్ను సుత గక్కడికే పంపుమన్న."